ధరల ఆటలో నేను గెలిచిన శుక్రవారం

ఒమాన్‌లో ఇబ్రి ఊరి బయట, కంపెనీ క్యాంపులో ఎనిమిది మందిమి ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. అందరం జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లమే. శుక్రవారం డ్యూటీ ఉండదు. మధ్యాహ్నం అన్నాలు తిని, హిందీ ఛానల్‌లో వచ్చే ధరల ఆట చూసేవాళ్లం. ఒక వస్తువు తెచ్చి చూపిస్తారు. అసలు ధర దాటకుండా, దానికి అందరికన్నా దగ్గరగా చెప్పినవాడిదే ఆ వస్తువు. ఒక్క రూపాయి దాటినా ఔట్. టీవీలో వాళ్లకంటే ముందే మేం అరిచేవాళ్లం. మొదటి నెలలోనే మిక్సీ ధర దగ్గర ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. ఒకడి పెదవి చిట్లింది. రిమోట్ గోడకు తగిలి రెండు ముక్కలైంది.

కొన్నాళ్లకు ఛానల్‌వాళ్లు ఆ ప్రోగ్రాం ఆపేశారు. మాలో పెద్దవాడైన మేస్త్రి దాన్ని రూమ్‌లోనే మొదలుపెట్టాడు. అందరం తలా కొంత డబ్బు వేసుకునేవాళ్లం. ఆయన గురువారం బజారుకు పోయి ఏదో ఒక వస్తువు కొని, బిల్లు జేబులో దాచేవాడు. మంచాల మధ్య నిలబడి, టీవీ ఆయన మాట్లాడినట్టే హిందీలో మాట్లాడేవాడు. దుప్పటి, టార్చి లైటు, అత్తరు సీసా. అలా ఏడాదిన్నర నడిచింది.

మాతో ఒక షట్టరింగ్ కార్పెంటర్ ఉండేవాడు, స్లాబులకు చెక్క అచ్చులు బిగించేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను ఆయనకు హెల్పర్ని, అన్నా అని పిలిచేవాణ్ణి. సైట్‌లో కటింగ్ మిషన్ బ్లేడు మీది కవర్‌ను ఫోర్‌మన్ ఎప్పుడో తీయించేశాడు, పని తొందరగా అవుతుందని. ఒక సోమవారం అన్న ప్లైవుడ్ షీట్ కోస్తున్నాడు. అటు చివర నేను పట్టుకున్నాను. కళ్లలోకి చెమట దిగి, ఒక్క క్షణం చెయ్యి వదిలి తుడుచుకున్నాను. షీట్ ఎగిరింది. అన్న ఎడమచేతి రెండు వేళ్లు రంపపు పొట్టులో పడ్డాయి. ఆయన అరవలేదు. కూర్చుని, వాటిని వెతకడం మొదలుపెట్టాడు. రక్తం నా మెడ దాకా చిమ్మింది.

పది రోజుల తర్వాత, గురువారం నాడు, ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి అన్నకు ఒక కాగితం ఇచ్చాడు. సంతకం పెడితే ఇంత ఇచ్చి ఇంటికి పంపిస్తామని అందులో ఉంది. ఎంతో అన్న మాకెవరికీ చెప్పలేదు.

మర్నాడు మేస్త్రి కొత్త ఇస్త్రీ పెట్టె తెచ్చి ఆట మొదలుపెట్టబోయాడు. అన్న మంచం మీద నుంచి లేచాడు.

"ఆగన్నా. ఇయ్యాల ఆట నేను ఆడిపిస్త." కట్టు కట్టిన చెయ్యి పైకెత్తాడు. "నా రెండు వేళ్ల ధర చెప్పుండ్రి. బిల్లు నా జేబుల ఉన్నది."

మేస్త్రి ఇస్త్రీ పెట్టెను మంచం మీద పెట్టాడు.

"గదేం మాట? కూసో," అన్నాడు మేస్త్రి.

"చెప్పుండ్రి!" అని అరిచాడు అన్న.

ఒకడు మెల్లగా రెండు వేల రియాళ్లు అన్నాడు. ఇంకొకడు వెయ్యి అన్నాడు. అందరూ ఆయన మనసు నొప్పించకూడదని పెద్ద అంకెలే చెప్పారు. నా వంతు వచ్చింది. అసలు ధర దాటొద్దన్న అలవాటే నా నోట్లోంచి మాట్లాడింది.

"మూడు వందలు."

అన్న కాగితం విప్పి చూపించాడు. మూడు వందల యాభై.

"గెలిచినవ్ తమ్మీ," అన్నాడు. "తీస్కో."

ఇస్త్రీ పెట్టెతో నా నుదుటి మీద కొట్టాడు. నేను పడ్డాను. మీద కూర్చుని మళ్లీ కొట్టాడు, ఈసారి పన్ను ఊడింది. వెనక నుంచి పట్టుకున్న మేస్త్రి చెయ్యి కొరికాడు. మిగతావాళ్లు పెట్టె లాక్కున్నారు. అన్న కట్టు కట్టిన చేత్తోనే నా మొహం మీద గుద్దడం మొదలుపెట్టాడు. కుట్లు తెగాయి. అన్నం గిన్నె బోర్లాపడింది. ఏ రక్తం ఎవరిదో తెలియలేదు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. చెయ్యి వదిలింది నేనేనని అప్పటిదాకా ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

ఇద్దరినీ ఒకే పికప్‌లో ఆసుపత్రికి తీసుకుపోయారు. పక్కపక్క మంచాల మీద కుట్లు వేశారు.

"నీకెట్ల తెల్సిందిరా?" అని అడిగాడు అన్న.

"తెల్వదన్నా. వాళ్లు అంతకన్న ఎక్కువ ఇయ్యరనిపించింది."

ఆయన గోడవైపు తిరిగి ఏడ్చాడు.

మేస్త్రి ఆయన్ను సంతకం పెట్టనివ్వలేదు. ఆదివారం ముగ్గురం లేబర్ ఆఫీసుకు పోయాం. కవర్ తీయించింది ఫోర్‌మనేనని నేను సాక్ష్యం చెప్పాను. నేను షీట్ వదిలిన సంగతి కూడా చెప్పాను. ఆఫీసరు నా వాచిన మొహం చూసి, ఎవరు కొట్టారని అడిగాడు.

"నేనే," అన్నాడు అన్న.

"ఎందుకు?"

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. మా మాటల్ని ఆఫీసరుకు తర్జుమా చేసే మలయాళీ ఆయన అరబ్బీలో తానే ఏదో చెప్పేశాడు.

మూడు నెలలు పట్టింది. అంకె పెరిగింది, అన్న అడిగినంత కాదు. అన్న ఇంటికి పోయాడు. సాక్ష్యం చెప్పినందుకు కంపెనీ నన్ను ఎక్కడో దూరాన, సముద్రం ఒడ్డునున్న రైసూత్ సైట్‌కు పంపేసింది. పోయేరోజు మేస్త్రి బస్సు దాకా వచ్చి, నా నుదుటి మీది మచ్చను బొటనవేలితో ఒకసారి తడిమి, వెనక్కి నడిచాడు.