కాటా మీద తగ్గిన ఆరు కిలోలు

2012 జూన్. బడులు తెరిచిన రోజులు. అప్పుడు నేను నారాయణగూడలో ఒక డాక్టరు గారి క్లినిక్‌లో నర్సును. ఆయన చూసేముందు ప్రతి పేషెంటుకూ బరువు, బీపీ చూసి, షుగర్ ఉన్నవాళ్లకు జీఆర్‌బీఎస్ చేసి చీటీ మీద రాయడం నా పని. జీఆర్‌బీఎస్ అంటే వేలి కొసన గుచ్చి, ఒక్క రక్తపు చుక్కతో అప్పటికప్పుడు షుగర్ ఎంతుందో చూడటం.

యాదగిరి అన్న చిక్కడపల్లి నుంచి వచ్చేవాడు. స్కూలు వ్యాను నడిపేవాడు. యాభైకి దగ్గర పడ్డ మనిషి, నాలుగేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాడు. వచ్చినప్పుడల్లా కిలోనో రెండు కిలోలో పెరిగేవాడు. ఆ రోజు కాటా తొంభై ఆరు చూపించింది. బెంచీల నిండా జనం ఉన్నారు. "ఇట్లనే పెరిగితే స్టీరింగ్‌కు పొట్ట అడ్డమొస్తది అన్నా" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్విస్తూ చెబితే బాగా ఎక్కుతుందని నా నమ్మకం.

నెల తిరక్కుండానే ఒక ఉదయం పదకొండింటికి మళ్లీ వచ్చాడు. అపాయింట్‌మెంట్ లేదు, బరువు చూసుకుని పోతానన్నాడు. తొంభై! పట్టుదలంటే ఇదీ అని బెంచీ మీదున్న వాళ్లకు ఆయన్ని చూపించి మెచ్చుకున్నాను. ఏం చేశావని అడిగితే నోరు కట్టేసుకున్నానని చెప్పి బెంచీ మీద కూర్చున్నాడు.

ఇంకొకరికి బీపీ చూసి తలెత్తేసరికి ఆయన చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది. నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పేరు పెట్టి పిలిస్తే నా వైపు చూశాడు కానీ గుర్తుపట్టినట్టు లేదు. చేతులు వణుకుతున్నాయి. వేలు గుచ్చి చూస్తే షుగర్ నలభై ఆరు. డెబ్భైకి దిగితేనే మేము కంగారు పడతాం. మింగగలిగే తెలివి ఉంది కాబట్టి నీళ్లలో గ్లూకోజు కలిపి పట్టుకుని తాగించాను. డాక్టరు గారు లోపలి నుంచి వచ్చి పక్కనే నిలబడ్డారు. పావుగంటకు షుగర్ తొంభై దాటింది. అప్పుడు ఆయన తానెక్కడున్నాడో చూసుకుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆ మధ్య పార్కులో నడిచేటప్పుడు ఎవరో చెప్పారట, పదిహేను రోజులు రసాల మీదే ఉంటే పది కిలోలు పోతాయని. తొమ్మిది రోజులుగా పొద్దున కాకరకాయ, మధ్యాహ్నం సొరకాయ, రాత్రి కీర. అన్నం లేదు, రొట్టె లేదు. మరి మాత్రలు మానేశావా అని డాక్టరు గారు అడిగారు.

"లేదు సార్. గోళీలు ఒక్క పూట గూడ తప్పలె" అన్నాడు, మంచి పని చేసినవాడిలా.

ఆయన వాడే మాత్ర, తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతూనే ఉంటుంది. గ్లూకోజుతో లేచినా మళ్లీ పడిపోవచ్చు. అందుకే సాయంత్రం దాకా ఇక్కడే ఉండమన్నారు డాక్టరు గారు. యాదగిరి అన్న గడియారం చూశాడు. మూడింటికి పిల్లల్ని ఇళ్లకు చేర్చాలట.

"పొద్దున నువ్వే నడిపినవా అన్నా?" అని అడిగాను.

"నేనే దింపొచ్చిన సిస్టర్. పదహారు మంది." అంతవరకు మామూలుగానే చెప్పాడు. తర్వాత ఆ మాట ఆయనకే వినపడినట్టుంది. ఆపైన తనే ఇంకో డ్రైవరుకు ఫోన్ చేసి సాయంత్రం ట్రిప్పు అప్పగించాడు.

నేను ఇడ్లీలు తెప్పించి పెట్టాను. ఇంత తొందర ఎందుకు పడ్డావని అడిగాను.

"మీరు గా రోజు అన్నది నిజమే గద సిస్టర్. గంత మంది నవ్విన్రు. మల్ల గా కాటా ఎక్కాలంటే షరమైంది" అన్నాడు. కోపం లేదు గొంతులో. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికయ్యేదేమో.

డాక్టరు గారు మాత్ర మార్చారు. మూడు రోజులు వ్యాను ముట్టవద్దన్నారు. యాదగిరి అన్న భార్యను పిలిపించి, జొన్నరొట్టె, పప్పు, కూర ఏ పూట ఎంత పెట్టాలో నేను రాసిచ్చాను. తగ్గిన ఆరు కిలోల్లో నాలుగు తిండి మొదలుపెట్టగానే వెనక్కి వచ్చాయి. తర్వాత ఏడాదికి నిజంగా ఐదు తగ్గాయి.

అప్పటికి ఎనిమిది నెలలుగా ఆయనకు బరువు తగ్గమని చెబుతూ వచ్చాను. ఎలా తగ్గాలో కూర్చోబెట్టి చెప్పింది ఆ ఇడ్లీల రోజునే. ఇప్పుడు ఎవరైనా బరువు తగ్గి సంతోషంగా వస్తే నేను వెంటనే మెచ్చుకోను. దగ్గర కూర్చుని, నిన్న పొద్దున్నుంచి ఏమేం తిన్నారో చెప్పమంటాను.