తుడవని ఎలక్ట్రోడు

అప్పట్లో నేను తమిళనాడులో, గుడియాత్తంలోని ఒక అద్దకం మిల్లులో గ్యాస్ బాయిలర్ ఆపరేటర్‌ని. ఎన్నికల రోజులు కావడంతో పార్టీ రంగుల అంచు పంచెలకు ఆర్డర్లు వచ్చిపడుతున్నాయి. బాయిలర్లో గ్యాస్‌ను అంటించేది రెండు ఎలక్ట్రోడు కడ్డీల మధ్య పుట్టే నిప్పురవ్వ. వాటికి మసి పడితే రవ్వ సరిగా రాదు; ఆ మసిని వారంవారం తుడవడం నా పని. ఆ వారం తీరిక దొరక్క, తుడవకుండానే తుడిచినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున డ్యూటీలో ఉన్నది నా భార్య తమ్ముడు మునిరత్నం. బాయిలర్ అంటుకోకపోయేసరికి ఇంట్లో ఉన్న నాకు ఫోన్ చేశాడు.

"బావా, ఎలక్ట్రోడు తుడిచినావా?"

"తుడిచినా లేప్పా. ఇంకోసారి నొక్కు," అన్నాను.

లోపల చేరిన గ్యాస్ బయటికి పోయేదాకా ఆగమని కూడా చెప్పలేదు. నా మాట నమ్మి మళ్ళీ నొక్కాడు. బాయిలర్ పేలిపోయింది.

వేలూరు ఆసుపత్రిలో ముఖమంతా కట్లతో పడుకుని, "నువ్వు తుడిచినావు గదా బావా. నేనే ఏదో తప్పు చేసుంటాను," అన్నాడు. మూడో రోజు పోయాడు.

తమ్ముడు తొందరపడి ప్రాణం పోగొట్టుకున్నాడని నా భార్య ఈనాటికీ ఏడుస్తుంది. ఆమెకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ఇది అచ్చయిన రోజున నేనే పక్కన కూర్చుని చదివి వినిపించాలి.