గంటన్నర ముందుగా ఎగిరిన విమానం

నాకు భయం వేస్తే నవ్వొస్తుంది. పెళ్లిచూపుల్లో నవ్వాను, కాన్పు బల్ల మీద నవ్వాను. అబుదాబీలో నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలే రోజున నవ్విన నవ్వు మాత్రం వేరు. ఇప్పటికీ మా ఆయన ఆ సంగతి ఎత్తితే పొట్ట పట్టుకుని కూర్చుంటాను.

అది కరోనా రెండో ఏడు. మా ఆయన కంపెనీ అప్పటికే మూతబడింది. నెల్లూరు నుంచి వచ్చి మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉంటున్న మా ముగ్గురికీ మిగిలిన ఆధారం నా వీసా ఒక్కటే. నేనేమో చిన్న విమానాలకు పరికరాలు బిగించే వర్క్‌షాప్‌లో ఆరు నెలల ప్రొబేషన్ మీద ఉన్నాను. ఆ గడువు ఆ రోజుతో ఆఖరు. మా ముదీర్, అంటే మేనేజర్, సంతకం పెడితే ఉంటాం, లేదంటే నేనూ ఆయనా పాపా పెట్టెలు సర్దుకోవాలి.

పరీక్షగా నాకొక ట్రాకర్ ఇచ్చి, ఎవరి సాయమూ లేకుండా సిద్ధం చేయమన్నారు. టిఫిన్ డబ్బా మూతంత ఉంటుంది అది. విమానంలో కూర్చుని, ఎక్కడ ఉన్నామో ఎంత ఎత్తున ఉన్నామో పావు నిమిషానికోసారి కిందికి చెబుతుంది. రెండు నిమిషాలపాటు కబురు రాకపోతే కింద అలారం మోగాలి. విమానం నంబరు, టైము, అలారం గడువు అన్నీ లాప్‌టాప్ నుంచే ఎక్కించాలి. వర్క్‌షాప్ లాప్‌టాప్ ముందురోజే మొరాయించడంతో ఇంటి నుంచి నాది పట్టుకెళ్లాను. అన్నీ ఎక్కించి, మూడుసార్లు సరిచూసుకుని, నా అంత పనిమంతురాలు లేదనుకున్నాను.

మఫ్రఖ్ దాటాక ఎడారి అంచున ఒక చిన్న రన్‌వే ఉంది. తొమ్మిదింటికి అక్కడ నుంచి శిక్షణ విమానం లేచింది. నడిపేది లెబనాన్ పెద్దాయన. రన్‌వే పక్క షెడ్డులో పెద్ద తెర మీద విమానం గుర్తుగా పచ్చటి బాణం బుడిబుడి నడకలతో కదిలింది. "మాషాల్లా!" అని మా ముదీర్ చప్పట్లు కొట్టాడు. జోర్డాన్ మనిషి, మనవాళ్లతో పనిచేసి హిందీ పట్టేశాడు, మెచ్చుకుంటే షెడ్డంతా వినిపించాల్సిందే. నా ఫైలు తెమ్మన్నాడు. ఆనందం పట్టలేక నేనూ చప్పట్లు కొట్టేశాను.

అప్పుడు బాణం పక్కనున్న అంకెలు కంటబడ్డాయి. తెర మీద పది నలభై ఒకటి. గోడ గడియారంలో తొమ్మిదీ పదకొండు.

పాపకు లెక్కల ట్యూషన్ నెల్లూరు మేష్టారు ఆన్‌లైన్‌లో చెప్పేవారు. ఆయన నాలుగంటే మాకు రెండున్నర. రోజూ తికమకపడి, క్లాసు తప్పి, పాప ఏడ్చి, నేను అరిచి, చివరికి విసుగొచ్చి లాప్‌టాప్ గడియారాన్ని ఇండియా టైముకు తిప్పిపారేశాను. గల్ఫ్‌కు వచ్చిన మనవాళ్ల ఇళ్లలో ఒక్క గడియారమైనా ఇండియా టైము చూపించకుండా ఉండదు. నా ట్రాకర్ ఆ లాప్‌టాప్‌నే నమ్మింది. అబుదాబీ ఆకాశంలో విమానం నెల్లూరు టైములో ఎగురుతోంది.

నవ్వు తన్నుకొచ్చింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"ఏమైంది చెల్లె, గట్ల నవ్వుతున్నవ్?" అన్నాడు పక్కనున్న సీనియర్ టెక్నీషియన్. కరీంనగర్ ఆయన, అందరం అన్నా అనే పిలుస్తాం. అంకెలు చూపించాను. ఆయనా కిసుక్కున నవ్వి, నా చెవి దగ్గరకు వంగాడు.

"సప్పుడు జెయ్యకు. బాణం మంచిగనే పోతున్నది గద. సంతకం అయినంక మనమే మార్చేద్దాం."

మంచి సలహానే. ముదీర్ జేబులోంచి పెన్ను తీశాడు. నేను తల ఊపేశాను కూడా. ఊపుతుండగానే అలారం సంగతి తట్టి, నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"అన్నా, ఇప్పుడు కబురు ఆగిపోయిందనుకో. ఆఖరి కబురు పది నలభై ఒకటికి వచ్చిందని గదా దీని లెక్క! ఈడ గడియారంలో పది నలభై మూడు అయ్యేదాకా అలారం మోగదు. ఆయన ఇసకలో పడున్నా గంటన్నర దాకా మనం ఈడ టీ తాగుతా కూర్చోనుంటాం!"

అన్న మొహం పాలిపోయింది. నేను లేచి ముదీర్ చేతిలోని ఫైలు మీద అరచెయ్యి పెట్టేశాను. "సైన్ మత్ కరో ముదీర్," అన్నాను, సంతకం పెట్టొద్దని. నా బతుకులో అంత పిచ్చి మాట ఇంకోటి అనలేదు. వచ్చీరాని హిందీలో తప్పంతా చెప్పాను. ఆయన గోడ వైపు చూశాడు, తెర వైపు చూశాడు, పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. రేడియో అందుకుని, పైలట్‌ను వెంటనే దిగమన్నాడు.

దిగిన పెద్దాయన అంతా విని నన్ను ఎగాదిగా చూశాడు. నేను లాప్‌టాప్ గడియారం తిప్పి, ట్రాకర్‌కు టైము మళ్లీ ఎక్కించాను.

"మళ్లీ ఎగురుతాను. కానీ పక్క సీట్లో ఈమె కూర్చోవాలి," అన్నాడు ఇంగ్లిష్‌లో.

"ఖలాస్, ఇంక మాటల్లేవు, వెళ్లు," అన్నాడు ముదీర్.

చక్రాలు నేల వదలగానే కెవ్వుమన్నాను. కింద లారీలు అగ్గిపెట్టెలంత అయిపోయాయి. నాకు ఒళ్లు తెలియలేదు, ఉద్యోగం గొడవే గుర్తులేదు, అరుస్తూనే ఉన్నాను. పెద్దాయన నవ్వి, ట్రాకర్ వైరు పీకమని సైగ చేశాడు. షెడ్డులో విని అలవాటైన బిస్మిల్లా అనుకుని పీకేశాను. ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం గడిచింది.

హెడ్‌ఫోన్‌లో షెడ్డు అలారం గీపెట్టింది. దాన్ని మించి ముదీర్ గీపెట్టాడు. "కనబడడం లేదు! మీరు కనబడడం లేదు!" పండగొచ్చినట్టు అరుస్తున్నాడు హిందీలో. ఆ గోలలోనే రేడియో ఎవరో లాక్కున్నారు.

"చెల్లె, పెట్టిండు! సంతకం పెట్టిండు!"

నాకు ఏడుపొచ్చింది. పెద్దాయనకు తెలుగు రాదు. ఏమిటంటున్నారు అని కంగారుగా అడిగాడు.

"మేం ఇక్కడే ఉంటున్నాం సార్," అన్నాను.