చూడని కాళ్లకు సంతకం

ఆరేళ్ల కిందట, నవంబరు రెండో వారంలో, అంటార్కిటికాలోని మా స్థావరం నుంచి ఆరుగురి బృందానికి నాయకురాలిగా నన్ను పంపారు. నాది ఆలూరు. మంచు పొరలను కొలవడం నా ఉద్యోగం. అంతకుముందు ఏడు పాతిన వెదురుగడలు ఎంత లోతు మునిగాయో చూసి, ఆ ఏడు కురిసిన మంచును లెక్కగట్టాలి. ఇరవై రోజుల ప్రయాణం, రెండు గొలుసుచక్రాల బండ్లు.

నాయకత్వమంటే దారి చూపడమని అనుకుంటారు. అక్కడ అసలు పని కాళ్లు చూడడం. రోజూ గుడారం వేశాక ఒక్కొక్కరి చేత మేజోళ్లు విప్పించి, వేళ్లు నొక్కి చూడాలి. మంచుకాటుకు మొదట నొప్పి ఉండదు. వేలు మైనంలా తెల్లబడి స్పర్శ పోతుంది. అప్పుడే కనిపెడితే వేలు దక్కుతుంది. చూశాక చిట్టాలో ప్రతి పేరుకెదురుగా సంతకం పెట్టాలి.

మా మెకానిక్ ఓబులేసు బద్వేలు మనిషి, యాభై దాటినవాడు. మొదటి సాయంత్రం నేను ఎదురుగా కూర్చోగానే కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఏందిమ్మా ఇది? నా కూతురి ఈడుదానివి. నీతో కాళ్లు పట్టించుకుంటే నరకంలో గూడా నాకు జాగా ఇయ్యరు."

"రూలు, చిన్నాయనా."

"బద్వేలు ఎండకు కాలిన కాళ్లివి. కరిస్తే మంచుకే పండ్లు ఇరుగుతాయి, పో."

అందరూ నవ్వారు. నలుగురిలో మాట రెట్టించడం నాకు చేతకాదు. ఆ రోజు నుంచి ఆయన్ను నోటితో అడిగి ఊరుకున్నాను. "బాగుండాయిలేమ్మా" అనేవాడు. నేను 'చూశాను' గడిలో సంతకం పెట్టేదాన్ని.

పదకొండో రోజు బండి గొలుసు తెగింది. ఐదు గంటలు మంచులో నిలబడి అతికించాడు. ఆ సాయంత్రమూ అదే జవాబు, అదే సంతకం. పద్నాలుగో రోజు కుంటుతుంటే పట్టుబట్టి బూటు విప్పించాను. ఎడమకాలి మూడు వేళ్లు నేరేడుపండ్లలా నల్లబడి ఉన్నాయి.

"గొలుసు తెగిన్నాటి నుంచి తిమ్మిరి ఉండాది. చెప్తే ఎనక్కి తిప్పుతావు. మన సీమ బిడ్డ మొదటిసారి పెద్దరికం చేస్తాండాదే, నా వల్ల ఆగకూడదనుకున్యా."

వెనక్కి తిరిగాం. వేళ్లు తీసేశారు.

విచారణలో చిట్టా తెరిచి ఆయన్ను అడిగారు. మేడం రోజూ చూసిందనీ, ఆమె చూసిపోయాక తానే తడి మేజోళ్లతో పడుకున్నాననీ చెప్పాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. నోరు విప్పలేదు. దాన్ని బిడియమని ఇప్పుడు కూడా అనలేను.

అజాగ్రత్తపరుడని మంచుఖండానికి పంపేవాళ్ల జాబితాలోంచి ఆయన పేరు కొట్టేశారు. మరుసటి ఏడు నన్ను మళ్లీ నాయకురాలిగా వేశారు. ఆ ఉత్తర్వు చేతికందాకే రాజీనామా చేశాను. ఇప్పుడు కర్నూలులో పిల్లలకు భూగోళం చెబుతున్నాను.

మర్యాదకైనా నోటిమాట నమ్మకూడదు. చూడనిదానికి సంతకం పెట్టకూడదు. ఈ రెండూ నేను మంచులో నేర్చుకున్నవి కావు. శిక్షణ మొదటిరోజే చెప్పారు. నా చేతిరాతతో, తేదీతో సహా డైరీలో ఉన్నాయి.