టర్బో చల్లారేదాకా

నా కారుది వెయ్యి సీసీ పెట్రోలు ఇంజను. సిలిండర్లు మూడే. టర్బో ఉంది కాబట్టి మనిషి పొట్టి, గొంతు పెద్దది. బయటికి పోయే వేడి పొగతోనే ఒక చిన్న ఫ్యాను గిర్రున తిరిగి, ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. దాని జబ్బులూ ఎక్కువే. యాక్సిలరేటరు తొక్కితే ఒక క్షణం ఆలోచించి, అప్పుడు దూకుతుంది. దూరం పరుగెత్తించి వచ్చి టక్కున ఆపేస్తే లోపల ఆయిలు మాడి టర్బో పోతుందని మెకానిక్ భయపెట్టాడు. ఒక నిమిషం ఇంజనును ఊరికే నడవనివ్వాలట. నేను భయస్తుణ్ణి, రెండు నిమిషాలు నడవనిస్తాను.

కారు కొన్న రోజు మొదటి ఫోను పిల్లనిచ్చిన మామకే చేశాను. మైదుకూరు దగ్గర పసుపు పండించే మనిషి. ట్రాక్టరు ఇంజను తానే విప్పి, తానే బిగించుకుంటాడు. ఆయన మెచ్చుకుంటే చాలనుకున్నాను.

"మూడు సిలిండర్లా? ఆటోకు ఎక్కువ, కారుకు తక్కువ కదప్పా," అన్నాడు.

గట్టిగా నవ్వాను. మాట మాత్రం గుచ్చుకుంది. నాలుగు నెలలు ఏదో ఒక పని చెప్పి ఆ వైపు పోలేదు.

పోయిన ఎండాకాలం ఇక తప్పక కర్నూలు నుంచి బయల్దేరాం. మిట్టమధ్యాహ్నం అత్తగారి వాకిట్లో ఆపగానే మా ఆవిడ దిగి లోపలికి పరుగెత్తింది. నేను అద్దాలు మూసుకుని టర్బో చల్లారుస్తూ కూర్చున్నాను. కాళ్లు కడుక్కోమని అత్త నీళ్లచెంబు తెచ్చింది. ఒక్క నిమిషమని వేలు చూపించాను. ఆమె ముఖం వాడిపోయింది. చెంబు అరుగు మీద పెట్టి గబగబా లోపలికి పోయింది.

వాకిలి దాకా వచ్చిన అల్లుడు కారు దిగకపోతే ఎవరైనా ఏమనుకుంటారు? అలిగాడనే. నాకది తట్టనే లేదు. ఇంజను చప్పుడు సరిగ్గా ఉందా లేదా అని వింటున్నాను.

మామ అన్నం ముందు నుంచి లేచి వచ్చినట్టున్నాడు, చెయ్యి కూడా కడుక్కోలేదు. ఎడమచేత్తో అద్దం తట్టాడు. దించాను.

"దిగప్పా. ఆ పొద్దు ఫోన్లో నోరు జారినా. మూడు సిలిండర్లయితే ఏమి, బండి శానా బాగుండాది. మనసులో పెట్టుకోవాకు."

టర్బో సంగతి చెబుదామని నోరు తెరిచాను. నా నవ్వును ఆయన ఆ రోజే నమ్మలేదన్నమాట. సిగ్గేసింది. ఆ ఎండలో ఆయన కాళ్లకు చెప్పులు కూడా లేవు. రెండు నిమిషాలు అయ్యాయో లేదో చూడకుండా ఇంజను ఆపేసి దిగాను.