బర్రె కడుపులో సర్వే

ఆ రోజుల్లో కంటికి కనిపించే వాటి మీద నాకు పెద్దగా గౌరవం ఉండేది కాదు. అప్పుడే ఎమ్మెస్సీ జువాలజీ పాసై (అత్తెసరు మార్కులతో అని మా ఆవిడ పక్కనుంచి అందిస్తోంది, మీరు పట్టించుకోకండి) సూరత్‌లో ఒక ప్రొఫెసరుగారి సర్వేలో సహాయకుడిగా చేరాను. ఆ సర్వే మనుషులది కాదు, ఇళ్లది కాదు. ఏకకణజీవులది. ఒంట్లో ఒకే ఒక కణం పెట్టుకుని, దాంతోనే తిని, దాంతోనే తిరిగి, దాంతోనే సంసారం ఈడ్చే ప్రాణులన్నమాట. సూరత్ చుట్టుపక్కల చిత్తడి నేలల్లో అవి ఎన్ని రకాలున్నాయి, జంతువుల కడుపుల్లో ఎన్ని రకాలున్నాయి అన్నది తేల్చి జాబితా రాయాలి. మా నాన్న రైల్వేలో గుమాస్తా. క్వార్టర్సులో ఎవరైనా "మీవాడేం చేస్తున్నాడండీ?" అని అడిగితే "మురుగునీళ్లు చూస్తుంటాడు" అని, వెంటనే వర్షాల సంగతి ఎత్తుకునేవారు. నేను మాత్రం కాలరెగరేసుకుని తిరిగేవాణ్ణి. ఏనుగును ఎవడైనా చూస్తాడు. అమీబాను చూసినవాడు కదా మొనగాడు!

మొదటి మూడు నెలలూ డుమస్ సముద్రతీరం బురదలో గడిచాయి. ఆదివారం సముద్రం చూడ్డానికొచ్చిన కుటుంబాలన్నీ టొమాటో భజియాలు నములుతూ, సముద్రాన్ని వదిలేసి నన్ను చూసేవి. ఒకసారి నడుముదాకా కూరుకుపోయాను (సరే, మోకాలిదాకా. పోనీ, చీలమండదాకా. కానీ చెప్పు మాత్రం నిజంగానే పోయింది). బురద అయిపోయాక జంతువుల వంతు వచ్చింది. మా ప్రొఫెసరుగారిని చాటుగా అమీబా సార్ అనేవాళ్లం. ఆయన నిర్ణయాలకు ఒక ఆకారం ఉండేది కాదు. పొద్దున ఇటు సాగితే సాయంత్రానికి అటు సాగేవి. ఆయన ఓ పొద్దున నన్ను పిలిచి, "భేస్తాన్‌లో మీ తెలుగువాళ్లున్నారు కదా. అక్కడ ఒకావిడకు గేదె ఉందట. దాని కడుపులోంచి శాంపిల్ పట్టుకురా" అన్నారు, వస్తూ వస్తూ కొత్తిమీర కట్ట పట్టుకురా అన్నంత తేలిగ్గా.

గేదె కడుపులోంచి శాంపిల్ తీయాలంటే పశువుల డాక్టరు ఉండాలి, గొట్టం ఉండాలి. మాకు డాక్టరూ లేడు, గొట్టమూ లేదు, నేనున్నాను. అందుకని ఒక పథకం వేశాను. గేదె నెమరువేసేటప్పుడు కడుపులోది మళ్లీ నోట్లోకొస్తుంది కదా, ఆ ముహూర్తానికి పక్కనే కాచుకుని కూర్చుని, నోట్లోంచి ఇంత నురగ కొట్టేయాలి. కాగితం మీద చాలా అందమైన పథకం.

భేస్తాన్‌లోని ఆ గల్లీ నిండా సాంచాల మీద, అదే, మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణవాళ్లు. గల్లీ చివర రేకుల కొట్టంలో ఒక ముసలావిడ, ఒక గేదె. ఆవిణ్ణి అందరూ పాలవ్వ అనేవారు. మొగుడు పోయాక ఆవిడకు మిగిలిన ఆధారం ఆ గేదె ఒక్కటే. గల్లీలో ప్రతి ఇంటి చాయ్‌లోనూ ఆ పాలే. నేను వెళ్లి, పుస్తకంలో ఉన్నదున్నట్టు, "అవ్వా, మీ గేదెలో ప్రోటోజోవా చూడ్డానికి వచ్చాను" అన్నాను.

"పోటోనా? నా బర్రెదా?" అంది పాలవ్వ, మొహం వెయ్యి బల్బులై.

"కాదవ్వా, ప్రోటో..."

"గిట్ల పేడతోని ఉంటే పోటోల ఏం మంచిగుంటది బిడ్డా? రేపు రా. జర తానం జేపిస్త."

మర్నాడు వెళ్లేసరికి గేదె కొమ్ములకు నూనె, నుదుట కుంకుమ, మెళ్లో బంతిపూల దండ. పక్కన పాలవ్వ, పెట్టె అడుగునుంచి తీసిన పట్టుచీరలో, గేదె వీపు మీద చెయ్యేసి నిలబడి ఉంది. "ఎటు సూడాలె?" అని అడిగింది. నేను నీళ్లు నమిలి, ఫోటో కాదనీ, గేదె నోట్లో నురగ కావాలనీ చెప్పాను.

"ఎంగిలా?"

"అవునవ్వా."

"పోటో గాదు?"

"కాదు."

పాలవ్వ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "సదువుకున్నోనివేనా బిడ్డా నువ్వు?" అంది. (నా అత్తెసరు మార్కుల సంగతి ఈవిడకెవరు చెప్పారా అనుకున్నాను.)

అయినా మంచి మనిషి, సరేనంది. రెండు గంటలు గేదె ఎదుట గొంతుక్కూర్చున్నాను. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను, చివరికి దానికే విసుగొచ్చి నెమరు మొదలెట్టింది. చెయ్యి పెట్టాను. అది తుమ్మింది. మళ్లీ పెట్టాను. అది తన మెడలో దండ తెంపి తింది. మూడోసారి గాజుగొట్టంలో సగందాకా నురగ దొరికింది. అక్కడ ఇంకో చిక్కు. ఆ జీవులకు గేదె కడుపులో ఉండే వెచ్చదనం కావాలి, చల్లబడితే చచ్చూరుకుంటాయి. ఫ్లాస్కు చూస్తే ల్యాబ్‌లో మరిచొచ్చాను. ఏం చేస్తాను, గాజుగొట్టానికి బిరడా బిగించి చంకలో పెట్టుకుని, రెక్క విరిగిన కొంగలా నడుచుకుంటూ బయల్దేరాను.

గల్లీ మొగలో సాంచ మామ తగిలాడు. పదహారు సాంచాలు ఒక్కడే నడుపుతాడని పేరు (పన్నెండే అని తర్వాత తెలిసింది, మా ఇద్దరిదీ ఒకే జబ్బు). గల్లీలో ఏ కబురైనా ఆయన నోటి మీదుగానే ఊళ్లోకి పోవాలి.

"ఏంది సారు, చంకల ఏం దాస్తున్నవ్?"

ఇక్కడే నా కొంప, అంతకంటే ముందు పాలవ్వ కొంప మునిగింది. ఏకకణజీవులు అంటే ఈయనకేం తెలుస్తుంది, జనానికి అర్థమయ్యే భాషలో చెప్పాలి కదా అని నాలోని మేధావికి జాలి పుట్టింది. "పురుగులు మామా! పాలవ్వ గేదె కడుపులోవి. ఒక్క చుక్కలో వేలకు వేలు!" అన్నాను, మెడల్ గెలిచినవాడిలా.

"వేలా?" అన్నాడు సాంచ మామ.

"లక్షలు కూడా ఉండొచ్చు" అన్నాను. (అడక్కుండానే అన్నాను.)

నాలుగు రోజుల తర్వాత రెండో శాంపిల్‌కి వెళితే, కొట్టం ముందు పాలగిన్నెలు నిండుగా ఉన్నాయి, కొనేవాళ్లు ఒక్కరూ లేరు. పాలవ్వ గడపలో కూర్చుని ఉంది, నా వంక చూడలేదు. "పాలల్ల పురుగులున్నయట బిడ్డా. సదువుకున్న సారే చెప్పిండట. ఒక్కలు రాకపాయె. తోడేస్తే పెరుగు గూడ ముట్టకపాయె." గేదె వైపు చూసి, "బేపారి ఐతారం వస్తనన్నడు, బర్రెను కొండవోతడట. పాలకు కొంటున్నడా కోతకు కొంటున్నడా అని నేనడగలె" అంది.

వంగి పాలగిన్నెల మీద మూతలు సర్దాను. (నేను పనికొచ్చే పని చేయడం అరుదైన సంఘటన, నమోదు చేసుకోండి.)

"నువ్వే అంటివి గదా పురుగులని, నువ్వే తీసెయ్. మొన్న ఇంత తీస్తివి. మిగిలినయి గూడ తీస్కపో."

"అయ్యో, అవి తీసేస్తే గేదె బతకదవ్వా!" అన్నాను కంగారులో. (బతుకుతుంది. గడ్డి అరిగించడంలో పెద్ద వాటా వీటికంటే చిన్నవైన బాక్టీరియాది. ఆ పాఠం నేను అప్పటికి చదవలేదు.) పాలవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఓదార్చడానికి వెళ్లి గేదెకు మరణశిక్ష కూడా చదివినట్టయింది.

ఇక నేనే ఏదో ఒకటి చెయ్యాలి. మైక్రోస్కోపు తీసుకెళ్లి గల్లీ అంతటికీ చూపిస్తానని అమీబా సార్‌ని అడిగాను. పొద్దున సరేనన్నారు, సాయంత్రం వద్దన్నారు. నేను పొద్దుటి జవాబు పట్టుకుని వెళ్లిపోయాను. శనివారం, పాళీ, అదే, షిఫ్టు మారే వేళ, ఏడు గంటలకు, రాత్రి పని దిగినవాళ్లూ పొద్దుటి పనికి ఎక్కేవాళ్లూ గల్లీలో కలిసే సమయానికి, పాలవ్వ గడప ముందు స్టూలు వేసి, ఎండ పడేలా అద్దం తిప్పి మైక్రోస్కోపు పెట్టాను. చంకలో తాజా శాంపిల్. చుట్టూ జనం నాలుగు వేలు (నలభై). ఉపన్యాసం మొదలెట్టాను. "సోదరులారా! పశువుకూ ఈ సూక్ష్మజీవులకూ మధ్య ఉన్నది పరస్పరాశ్రిత సహజీవనం..."

"గీ సారు ఏం భాష మాట్లాడుతున్నడే?" అని ఎవరో అడిగారు.

"తెలుగే కావచ్చు" అన్నాడు ఇంకొకాయన, అనుమానంగా.

సాంచ మామ ముందుకొచ్చాడు. "ఉపన్యాసాలెందుకు సారు? పాలు మంచియే అంటున్నవ్ గదా. తాగు. మేం సూస్తం."

పాఠకులకు ఒక రహస్యం చెప్పాలి. నాకు పాలు పడవు. పెరుగు సరే, నెయ్యి సరే, పాలు మాత్రం నాలుగు గుటకలు మింగానంటే కడుపులో పిడుగులే. ఆ సంగతి చెప్పేస్తే సరిపోయేది. కానీ పాలవ్వ అప్పటికే పాలు కాచి, పెద్ద చెంబు నింపి, రెండు చేతులతో పట్టుకుని నా ఎదుట నిలబడింది. చెంబెత్తి గటగటా తాగేశాను. జనం చప్పట్లు కొట్టారు. మూతి తుడుచుకుని, అదే ఊపులో, ఇంకో చెంబు పొయ్యమన్నాను. (ఎవరూ అడగలేదు. నేనే.)

సరిగ్గా పది నిమిషాలు నేను వీరుణ్ణి. పదకొండో నిమిషంలో కడుపులో సాంచ మొదలైంది. పద్నాలుగో నిమిషంలో ఉపన్యాసం మధ్యలో, "సహ..." అన్నవాణ్ణి "జీవనం" అనకుండానే, గల్లీ కొసనున్న లెట్రిన్ల వరసకేసి పరుగు తీశాను. వెనకనుంచి సాంచ మామ గొంతు గల్లీ అంతా మోగింది. "సూడుండ్రి! సారు కడుపుల గూడ సర్వే షురూ అయింది!"

లోపల గడియ పెట్టుకుని ఉన్నాను. బయట పాలవ్వ వచ్చి తలుపు కొట్టింది.

"బిడ్డా, ఏమైంది? నా పాలతోనేనా?"

"పాలు మంచివే అవ్వా! చిన్నప్పట్నుంచీ నాకే పాలు పడవు!"

"మరెందుకు తాగినవ్ రా?"

తలుపు అవతల ముందు ఒక చిన్న శబ్దం, తర్వాత పెద్ద నవ్వు. నాలుగైదు రోజుల్నుంచి ఆవిడ నవ్వినట్టు లేదు. ఆ నవ్వుకు నా కడుపు కాస్త నెమ్మదించింది.

నేను బయటికొచ్చేసరికి ఆవిడ గల్లీకి ఆ ముక్క చెబుతోంది, గల్లీ నమ్మడం లేదు. "పాలు పడని మనిషుంటడా? దూడనడుగు" అంటున్నారు. సగం మంది కదిలిపోతున్నారు. అప్పుడు పాలవ్వ నా చెయ్యి పట్టుకుని స్టూలు దగ్గరికి లాక్కెళ్లింది. "నాకు సూపెట్టు. నా బర్రె కడుపుల ఏమున్నదో నేను సూడొద్దా?"

చుక్క మార్చి, ఇంకో కన్ను మూసుకోమని చెప్పాను. ఆవిడ వంగింది. వంగినది ఎంతకీ లేవదు.

"ఓయమ్మ! గింతమందా? ఆగుతలేరు, ఉరుకుతనే ఉన్నరు. ఏం జేస్తున్నరు బిడ్డా వీళ్లు?"

"గడ్డి అరగదీస్తున్నారవ్వా. గేదె మింగుతుందంతే. పని వీళ్లది."

"పాలు గూడ గందుకే వస్తయా?"

"అందుకే."

పాలవ్వ నడుం నిటారుగా చేసుకుని గల్లీ వైపు తిరిగింది. "ఓ అయ్యలాల, ఇనుండ్రి! మీ కార్ఖానల బట్ట అమ్మేది ఎవలు? సేటు. నేసేది ఎవలు? మీరు. మీరు లోపలున్నరని బట్ట కరాబైతదా? గట్లనే నా బర్రె! లోపల మీ అసొంటోళ్లే, లచ్చలమంది పాళీ నడుపుతున్నరు. వీళ్లు పురుగులైతే మీరు గూడ పురుగులే!"

పోతున్నవాళ్లు ఆగిపోయారు. సాంచ మామ టిఫిన్ డబ్బా కింద పెట్టి, పాలవ్వను పక్కకు జరిపి, కన్ను ఆనించాడు.

"అబ్బో, ఉన్నరు. డబల్ పాళీ చేస్తున్నరు." ఇంకా వంగాడు. "గీ మూలకు ఒకడు కదుల్తలేడు. మేస్త్రి కావచ్చు." (చల్లబడి చచ్చిపోయింది పాపం. నేను చెప్పలేదు.) అంతలో కేక పెట్టాడు. "అరె, పెద్దోడొకడు చిన్నోణ్ణి మింగుతున్నడు! సేటు! గీడే సేటు! రాండ్రి, సేటును సూడుండ్రి!"

ఇంకేముంది, తొక్కిసలాట. సేటును చూడాలని పొద్దుటి పాళీ వాళ్లు పని మరిచారు, రాత్రి పాళీ వాళ్లు నిద్ర మరిచారు. చూసినవాడల్లా "లోపల మనోళ్లే ఉన్నరు" అంటూ నవ్వుకుంటూ, ఆ నవ్వు పోకముందే ఇంటికెళ్లి గిన్నె తెచ్చుకున్నాడు. తొమ్మిదయ్యేసరికి పాలవ్వ గిన్నెలు ఖాళీ. శాంపిలంతా ఆ గల్లీకి చూపించడానికే అయిపోయింది, జాబితాలో నేను రాసుకోవడానికి ఒక్క చుక్క మిగల్లేదు. అమీబా సార్ పొద్దున తిట్టారు, సాయంత్రం వదిలేశారు. ఆదివారం బేపారి వచ్చాడట. పాలవ్వ గేదె వీపు మీద చెయ్యేసి, "నా తాన లచ్చలమంది పనోళ్లున్నరు, అమ్మితే వాళ్లెటు పోవాలె?" అని పంపించేసిందట. ఈ మాట సాంచ మామ చెప్పాడు కాబట్టి సగం కోసేసుకోండి. అయినా గేదె కొట్టంలోనే ఉంది, అది నేను కళ్లారా చూశాను.

ఇన్నేళ్ల తర్వాత ఆ శనివారం తలుచుకుంటే నాకు కనిపించేది నేనే. ఇరవై మూడేళ్ల బక్కపలచటి కుర్రాడు, ఒక చెయ్యి పొట్ట మీద, ఇంకో చెయ్యి మైక్రోస్కోపు మీద, "తొయ్యకండి, ఒక్కొక్కరే, ఒక్కొక్కరే!" అని అరుస్తూ, మొహం నిండా వెలుగు. ఇంతమంది తన శాస్త్రాన్ని చూడ్డానికే ఎగబడుతున్నారని ఆ వెర్రివాడి నమ్మకం. వాళ్లు చూస్తున్నది సేటును అని వాడికింకా తెలియదు. దగ్గరికెళ్లి భుజం తట్టి చెబుదామా అనిపిస్తుంది. మళ్లీ ఎందుకులే, ఇంకాసేపు అలాగే అరవనీ అనిపిస్తుంది.