లోపల ఎంత, బయట ఎంత

"అక్కా, మా పాప పీల్చేది ఈ గొట్టంలోంచి వచ్చే గాలేనా?"

కొత్తగా చేరిన కెమిస్టు ఫ్యాక్టరీ పైకప్పు మీద కాలు పెట్టగానే అడిగిన మొదటి మాట అది. పలకరింపు లేదు, పరిచయం లేదు. చిమ్నీకి కాస్త దూరంలో, గోడకు అవతల, పనివాళ్ల పిల్లల్ని చూసుకునే క్రెష్ కిటికీ కనబడుతోంది. పది నెలల పిల్లను ఆ ఉదయమే అక్కడ దింపి వచ్చాడు.

"పాప సంగతి తర్వాత, ముందు నువ్వు ఊపిరి పీల్చుకో. నాలుగంతస్తులు పరిగెత్తుకొచ్చావు," అంది కొలిమక్క.

ఆ పేరు ప్రింటింగు హాలు వాళ్లు పెట్టింది. ప్యాకింగు కవర్ల మీద రంగులు అచ్చేసే ఫ్యాక్టరీ అది. రంగు ఆరేటప్పుడు అందులోని ద్రావకాలు ఆవిరై, గొట్టాల్లోంచి పైకి వెళ్లి, వాటిని కాల్చేసే ఒక ఇనుప పెట్టెలో దూరతాయి. పెట్టెలో తేనెతుట్టెలా చిల్లులున్న పింగాణీ దిమ్మలు, వాటి మీద కంటికి ఆననంత పల్చగా ప్లాటినం పూత. ఇరవై ఏళ్ల కిందట దాన్ని బిగించిన ఇంజనీర్లు వెళ్లిపోయాక, చూసుకునే మనిషి కావాల్సి వచ్చింది. అందరూ తలలు దించుకుంటే, అట్టపెట్టెలు మడిచే ఈవిడ చెయ్యెత్తింది. ఎందుకమ్మా అంటే, "పైన సూపర్‌వైజరు అరుపులు వినబడవు," అని ఉన్నమాట చెప్పేసింది.

చదివింది ఎనిమిదో తరగతి. వచ్చిన ప్రతి మెకానిక్కునూ నిలదీసి నేర్చుకుంది. లారీ మీద ఊళ్లు తిరిగే భర్త ఫోను చేస్తే, ఎలా ఉన్నావని కాదట, "ఇవాళ మీటరు ఎంత చూపిస్తోంది?" అని అడిగేవాడట.

"ఉత్త మంటతో కాల్చాలంటే ఎనిమిది వందల డిగ్రీలు కావాలి," అని కెమిస్టుకే పాఠం చెప్పింది. "ఈ దిమ్మలుంటే మూడొందలకే పనైపోతుంది. సంబంధాలు కుదిర్చే మనిషి లాంటివి ఇవి. కుదిర్చి పక్కకు తప్పుకుంటాయి, కాపురం చెయ్యవు."

పెట్టెకు వేడి చూపే మీటర్లు రెండు. గాలి లోపలికి పోయేచోట ఒకటి, బయటికొచ్చేచోట ఒకటి. లోపలికి మూడొందల ఇరవై, బయటికి నాలుగొందల పది. ఆ తొంభై డిగ్రీల తేడా ద్రావకం కాలినప్పుడు పుట్టిన వేడి. తేడా ఉంటే పాప గాలి బాగున్నట్టే.

మూడు నెలలు గడిచాక ఆ తేడా డెబ్భైకి, తర్వాత యాభైకి జారింది. ప్రెస్సు వేగం అదే, రంగులు అవే. కంట్రోల్ రూములో మాత్రం పచ్చ లైటే, ఎందుకంటే అక్కడి తెర లోపలికి పోయే గాలి వేడినే చూస్తుంది. పదకొండు రోజులు వరసగా కొలిమక్క రిజిస్టరులో "పెట్టె సరిగ్గా కాల్చడం లేదు" అని రాసింది. ఒక్కరూ పేజీ తిప్పలేదు. పన్నెండో రోజు కెమిస్టును వెంటబెట్టుకుని తనే హాల్లోకి దిగింది.

"ఈ రెండు నెలల్లో ఇక్కడికి కొత్తగా ఏమొచ్చింది?"

"కొత్త మేనేజరొచ్చాడు," అన్నాడు ప్రెస్సు మేస్త్రి.

"ఆయన ఆవిరి కాడుగా. ఇంకేంటి?"

మేస్త్రి రోలరు పక్కనున్న డబ్బా చూపించాడు. ప్లాస్టిక్ ఫిల్ము రోలరుకు అతుక్కోకుండా కొట్టే సిలికాన్ స్ప్రే.

కెమిస్టు డబ్బా అందుకుని దాని మీది చీటీ చదివాడు. ఆ స్ప్రే రంగును పాడుచెయ్యదని పరీక్షించి సంతకం పెట్టింది తనే. రంగును చూశాడు, ఫిల్మును చూశాడు, గాలి సంగతి మరిచాడు. సిలికాన్ ఆవిరి ఆ వేడికి సన్నటి ఇసుక పొరై ప్లాటినాన్ని కప్పేస్తుందని పుస్తకంలో చదివినవాడే. పాప కోసం ఇంటి కిటికీలకు కూడా దుమ్ము తెరలు కట్టినవాడే.

చెప్పకపోతే స్ప్రేకీ పెట్టెకీ సంబంధం ఉందని ఎవరికీ తెలియదు.

అతను సరాసరి మేనేజరు గదికి వెళ్లి స్ప్రే సంగతి చెప్పాడు. వెనకే కొలిమక్క నిలబడింది.

"శుక్రవారానికి ఆర్డరు పంపాలయ్యా. అప్పటిదాకా వేడి పెంచి లాగించండి," అన్నాడు మేనేజరు.

"పెంచినా ఇసుక పోదు సార్. లైను ఆపండి," అన్నాడు కెమిస్టు.

"ఇంతకీ ఆ స్ప్రే ఒప్పుకున్నదెవరు?"

"నేనే. తప్పు నాదని రాసిస్తాను. ముందు ఆపండి. అక్కడ క్రెష్ కిటికీ తెరిచి ఉంది."

మేనేజరు కొలిమక్క వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పు."

ఆవిడ పెన్నుకు మూత పెట్టింది. "నా సంతకం లేకుండా పెట్టె సరిగ్గా నడిచినట్టు రిజిస్టరులో రాయలేరు కదా సార్. నేను పెట్టను."

గంటలోపే ప్రెస్సు ఆగింది. క్రెష్ కిటికీ దగ్గర ఆ ఉదయం పట్టిన గాలిని పరీక్షిస్తే ద్రావకం హద్దులోనే ఉంది, కానీ పోయిన ఏడాదికి రెట్టింపు. తొమ్మిది రోజులకు కొత్త దిమ్మలొచ్చాయి. స్ప్రే గేటు దాటి వెళ్లిపోయింది. కెమిస్టుకు మెమో వచ్చింది. బయటి మీటరు మళ్లీ నాలుగొందల పది చూపించింది.

"అయినా భయం పోలేదక్కా," అన్నాడతను. "ఇంకెక్కడ ఏం చూసుకోలేదో."

"పోనక్కర్లేదు, దానికో పని అప్పజెప్పు," అంది కొలిమక్క. "కొత్తది ఏది లోపలికి తెచ్చినా, అది ఏం చేస్తుందని అడిగి ఊరుకోకు. పనైపోయాక ఎక్కడికి పోతుందో కూడా అడుగు."

మొన్న పాప ఉయ్యాలకు వెయ్యడానికి వార్నిష్ డబ్బా కొన్నాడు. మూత తియ్యకుండా, "ఆరాక ఎక్కడికి పోతావు?" అని దాన్నే అడుగుతూ గుమ్మంలోనే నిలబడిపోతే, భార్య నవ్వింది.

"ఏంటి, అది నీకేమైనా సమాధానం చెబుతుందా?"

"చెప్పేదాకా లోపలికి రానివ్వను," అన్నాడు.